చౌకట్టు మీది లప్పం

పోయిన నెల గౌడవెల్లి నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. మేడ్చల్ రైలు మార్గంలోని ఆ గ్రామంలో ఆమె కుటుంబం ఆరేళ్ళుగా ఒక ఇంట్లో అద్దెకుంటున్నది. భర్తకు కామారెడ్డి వైపు పని దొరకడంతో ఇప్పుడు ఆ ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. 30 వేల రూపాయల అడ్వాన్సు యజమాని చేతిలో ఉన్నది. ఖాళీ చేసే రోజు ఆయన వచ్చి ఇల్లంతా చూస్తారు. చూస్తే కనబడేవి మూడు: పెద్ద దర్వాజకు పరదాల కోసం, క్యాలెండర్ల కోసం కొట్టిన మేకుల రంధ్రాలు, పిల్లవాడి సైకిలు తగిలి మూల విరిగిన ముందు గది బీడింగ్ పట్టీ, అడుగున మెత్తబడిపోయిన స్నానాల గది చౌకట్టు. రంగులు వేసే అతన్ని పిలిపిస్తే, “అన్నిటికి లప్పం గొట్టి రంగేస్తే ఎవలకు తెలుస్తది అక్కా” అన్నాడట. ఆ మాటే తనకు నిద్ర పట్టనివ్వలేదని ఆమె వ్రాశారు. మరమ్మతు తామే చేసుకోవచ్చునా, చేస్తే ఎట్లా, చేశాక యజమానికి చెప్పవలసిన అవసరమున్నదా అన్నవి ఆమె ప్రశ్నలు.

ఉత్తరానికి ఉత్తరంతో జవాబు చెప్పగలిగే విషయం కాదు. కొయ్యను కంటితో చూచి, చేతితో తడిమితేనే తెలుస్తుంది. ఒక ఆదివారం మేము గౌడవెల్లి వెళ్ళాము.

ముందుగా పెద్ద దర్వాజ. టేకు కొయ్య, గట్టిది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే గీత పడిందే గాని మొన దిగలేదు. మేకుల రంధ్రాలు తప్ప దానికి ఏ లోటూ లేదు. ఇటువంటి చిన్న రంధ్రాలకు బజారు మందు అక్కరలేదు. వడ్రంగి దుకాణంలో అడిగితే ఊరికే ఇచ్చే రంపపు పొట్టును పాత జల్లెడలో పట్టి, సన్నని పొడిని ఫెవికాల్‌తో రొట్టె పిండి కన్నా కొంచెం మెత్తగా కలుపుకుంటే చాలు. దర్వాజ ఏ కొయ్యదో పొట్టు కూడా ఆ కొయ్యదే అయితే మంచిది. ఈ ముద్ద ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుచేత రంధ్రం అంచు కన్నా కొద్దిగా ఉబ్బుగా పెట్టి, ఒక పూర్తి రోజు ఆరనిచ్చి, ఆ తరువాత ఉప్పు కాగితంతో సమం చేయాలి. 80 నంబరుతో మొదలుపెట్టి 120కి, చివరికి 220కి రావాలి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. కొయ్య నరం ఎటు సాగితే చేయి అటే సాగాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు రంగు వేసిన తరువాతనే బయటపడతాయి, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. మరొక సంగతి: ఫెవికాల్ కలిసిన చోట కొయ్య పాలిష్‌ను పీల్చుకోదు, అక్కడ మచ్చ తేలుతుంది. రంగు వేసే దర్వాజకు ఈ పద్ధతి సరిపోతుంది గాని, పాలిష్ దర్వాజకు ఆ కొయ్య రంగులోనే దొరికే లప్పం కొనుక్కోవడం మేలు.

రంపపు పొట్టుతో ముద్ద చేయడం కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్ల పొనికి కొయ్యతో కాళ్ళు, చేతులు, తలలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతుకుతారు. దానిని వారు ‘మక్కు’ అంటారు. అతుకు వేసిన చోటును మక్కుతోనే నునుపు చేసి, పైన సున్నం పూసి, ఆపై రంగులు దిద్దుతారు. బొమ్మ నీడలో ఉండే వస్తువు కాబట్టి మక్కు నిలుస్తుంది. నీళ్ళు పడే గుమ్మానికి అది పనికిరాదు.

ఇక బీడింగ్ పట్టీ. చౌకట్టుకూ గోడకూ నడుమ సందును కప్పే ఆ సన్నని పట్టీ మూలన రెండంగుళాల ముక్క ఎగిరిపోయింది. అంత లోతుకు పొట్టు ముద్ద ఆగదు. రెండు ముద్దలుగా దొరికే ఎపాక్సీ లప్పం వాడాలి. ఎమ్‌సీల్ పేరుతో అందరూ ఎరిగినది ఆ జాతిదే. రెంటినీ సమపాళ్ళలో తీసుకొని, ఎక్కడా చార కనబడకుండా ఒకే రంగు వచ్చేవరకు పిసకాలి. చార మిగిలిందంటే అక్కడ అది ఎప్పటికీ గట్టిపడదు. విరిగిన చోట వదులుగా ఉన్న పీచును ముందే ఉలితో తీసివేసి, దుమ్ము తుడిచి, రెండు చిన్న మేకులు సగం వరకు దింపి వాటి చుట్టూ ముద్ద పెడితే, పట్టు దొరికి ఊడిపోకుండా ఉంటుంది. మూల ఆకారం రావడానికి ఒక చెక్క ముక్కకు ప్లాస్టిక్ కాగితం చుట్టి ఆనించి ఉంచాలి. గట్టిపడిన తరువాత దానిని ఆకురాయితో అరగదీయవలసిందే, ఉప్పు కాగితానికి అంత సులభంగా లొంగదు.

చేతులకు తొడుగులు వేసుకోమని ఆ సోదరికి గట్టిగా చెప్పాము. చర్మానికి మంచిది కాదన్నది ఒక కారణం. రెండవది, ఎపాక్సీ గోళ్ళ మీద, వేళ్ళ మీద ఎండిపోతే నీరు చర్మాన్ని తాకదు, ఆ పొర తీయనిదే వుజూ పూర్తి కాదు. ఫెవికాల్ నానబెడితే ఊడివస్తుంది గాని, ఇది అట్లా రాదు. జుహర్ వేళకు పంపు దగ్గర నిలబడి గోళ్ళు గీక్కోవడం కన్నా పది రూపాయల తొడుగులు నయం కదా.

గోడలకు పూసే తెల్ల సిమెంటు పుట్టీ ఇంట్లో మిగిలి ఉన్నది, అది పెట్టవచ్చునా అని ఆమె అడిగారు. పెట్టకూడదు. గోడ కదలదు, కొయ్య కదులుతుంది. వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోయే కొయ్య మీద ఆ పుట్టీ పగిలి పెళ్ళలుగా రాలుతుంది. ఈ కారణం చేతనే వాన తడితో ఉబ్బి ఉన్న కొయ్యకు ఏ లప్పమూ పెట్టరాదు. వేసవి వచ్చేసరికి దాని చుట్టూ వెంట్రుకంత చీలిక పడుతుంది.

పాత రంగును గీకేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఇళ్ళకు వేసే రంగులలో సీసం 10 లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధనను మన దేశంలో 2016లో తెచ్చారు, అది 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా, నీటిలో తడిపి వాడే ఉప్పు కాగితంతో రుద్దాలి. ముక్కుకు గుడ్డ చాలదు, మంచి మాస్కు కట్టుకోవాలి. చిన్న పిల్లలను, గర్భవతులను ఆ పూట ఆ గదిలోకి రానీయరాదు. రాలిన దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో ఎత్తివేయాలి.

ఇంతవరకు సులువుగానే సాగింది. స్నానాల గది దగ్గరకు వచ్చేసరికి మా మాటలు తగ్గాయి.

ఆ చౌకట్టు పైనుండి చూస్తే బాగానే ఉన్నది. రంగు కూడా పెద్దగా చెడలేదు. కాని అడుగున జానెడు మేర స్క్రూడ్రైవరు వెన్నలోకి దిగినట్టు దిగింది. వెనుకవైపు గోడ వెంట సన్నని మట్టి చార, చెదలది. వెంట వచ్చిన వడ్రంగి వేలితో కొట్టి చూచి, “లోపల బోలు అయింది. మీద ఎంత లప్పం పెట్టినా దేన్ని పట్టుకుంటది?” అన్నాడు. లప్పం పని అంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. అది గట్టి కొయ్యను పట్టుకొని నిలిచేదే గాని, తనంత తాను బరువు మోసేది కాదు. కుళ్ళిన చోట నింపితే లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, చెదలు ఆ మాటున తమ పని తాము చేసుకుంటాయి.

దివ్యఖుర్ఆన్ ‘సబా’ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) మరణ వృత్తాంతం ఉన్నది. ఆయన చేతికర్రను నేలపురుగు తినివేసి, ఆయన దేహం ఒరిగిపోయేవరకు ఆయన మరణించిన సంగతి జిన్నాతులు గ్రహించలేకపోయారు. చెదలు పట్టిన కొయ్య అట్లాగే నిలబడుతుంది, పడే క్షణం వరకు నిలిచి ఉన్నట్టే కనబడుతుంది.

మరి చెప్పాలా వద్దా? ఈ విషయంలో ఫుకహాలు చెప్పిన సూత్రం సరళమైనది. అద్దె ఇల్లు అద్దెదారు చేతిలో అమానత్. మామూలు వాడకంతో అరిగినదానికి అతడు బాధ్యుడు కాడు. హద్దు మీరి వాడినా, అజాగ్రత్తగా వదిలినా బాధ్యుడు అవుతాడు. దీని ప్రకారం మేకుల రంధ్రాలు సాధారణ వాడకంలోనివే, ఒప్పందంలో మేకులు కొట్టరాదని వ్రాసుకొని ఉంటే తప్ప. సైకిలు దెబ్బ ఆమె ఇంటి పిల్లవాడిది కనుక ఖర్చు ఆమెదే. ఆ మూల గట్టిగా, నిజాయితీగా బాగుచేసి అప్పగిస్తే బాధ్యత తీరుతుంది.

స్నానాల గది విషయం వేరు. అక్కడ నేల వాలు తప్పుగా ఉన్నది. నీరు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలుస్తున్నది. అది అద్దెదారు తప్పు కాదు. అయితే మేము అడిగితే ఆమె దాచలేదు: రెండేళ్ళ క్రితమే కొయ్య నల్లబడడం చూశారు, చెబితే అద్దె పెంచుతారేమో, ఖాళీ చేయమంటారేమో అన్న భయంతో ఊరుకున్నారు. నేల వాలు యజమానిది, మౌనం ఆమెది. ఇప్పుడు దాని మీద లప్పం పెట్టి రంగు వేస్తే ఆ మౌనం మోసంగా మారుతుంది.

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. ఆయన (స) తప్పుపట్టింది వానను కాదు, తడిసిన గింజలను జనానికి కనబడేట్టు పైన ఉంచకపోవడాన్ని. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించింది ఆ సందర్భంలోనే. పైగా ఈ రాశిని రేపు కొనేది యజమాని ఒక్కడే కాదు. ఆ తరువాత అద్దెకు దిగే కుటుంబం, వారి పిల్లలు ఆ తలుపును రోజుకు ఇరవైసార్లు లాగుతారు.

వారం తరువాత ఆమె ఫోను చేశారు. యజమాని రాకముందే తామే కబురు పెట్టి పిలిపించారట. ఆ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చొని కొయ్యను గిల్లి చూచి, “బిడ్డా, రెండేండ్ల కింద చెప్తే మూడు వందల పనితోని పోతుండె” అన్నారట. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. కుళ్ళిన భాగం కోసి అతుకు వేయడం కన్నా మొత్తం తీసి గ్రానైట్ చౌకట్టు పెట్టించడమే మేలని వడ్రంగి చెప్పాడు. అది సరైన సలహానే. నీళ్ళు నిలిచే చోట కొత్త కొయ్య పెట్టినా మళ్ళీ అదే కథ. వాలు సరిచేయడం, గ్రానైటు ఖర్చు యజమాని భరించారు. చెదల మందు కొట్టించడానికి, ఆ గోడ మరమ్మతుకు కలిపి అడ్వాన్సులో నాలుగు వేలు పట్టుకున్నారు. ఎక్కువే అని ఆమె భర్తకు అనిపించింది. మాకు కూడా కొంచెం ఎక్కువే అనిపించింది. ఆమె మాత్రం బేరమాడలేదు.

బీడింగ్ మూలను ఆమె, పెద్ద కుమార్తె కలిసి రెండు సాయంత్రాలలో బాగుచేశారు. లప్పం మీద ప్రైమరు వేయకుండా నేరుగా ఎనామిల్ వేయడంతో అక్కడ మెరుపు చచ్చి, నాణెమంత మచ్చగా కనబడుతున్నదట. మళ్ళీ రుద్ది, ప్రైమరు ఒక పూత వేసి, ఈసారి ఆ మూలకు మాత్రమే కాక పట్టీ మొత్తానికి పైనుండి కింది వరకు రంగు వేయమని చెప్పాము. పాత రంగు పక్కన కొత్త రంగు, డబ్బా ఒకటే అయినా, కలవదు. సామాను బండి గురువారం వస్తుంది కనుక బుధవారం రాత్రి లోపల ఆ పూత ఆరాలి.