వేలిముద్ర కూడా ఆస్తియే

2025 మే నెలలో మన జిల్లాలోని అచ్యుతాపురంలో పోలీసులు ఒక నకిలీ కాల్‌సెంటర్‌ను పట్టుకొన్నారు. అమెరికా పౌరులకు ఫోన్ చేసి, తాము అమెజాన్ సంస్థ వారమని నమ్మించి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు గుంజిన ముఠా అది. 33 మంది అరెస్టయ్యారు. అంతకు సరిగ్గా ఏడాది ముందు, ఉద్యోగాలంటూ ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయిస్తున్న సంగతిని విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఈ నేరం ఎక్కడో ఉత్తరాదిలో జరిగేదని ఇంకా ఎవరైనా భావిస్తూ ఉంటే, ఈ రెండు ఉదంతాలు చాలు.

అయితే మేము ఈ విషయాన్ని సంపాదకీయంగా ఎత్తుకోవడానికి కారణం వేరు. 2020లో ఝార్ఖండ్‌లో మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ ఉపకారవేతనాల కుంభకోణాన్ని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక వెలికితీసింది. దళారులు, బ్యాంకు ప్రతినిధులు, కొందరు పాఠశాల సిబ్బంది కుమ్మక్కై, పేదల ఆధార్ కార్డులు, వేలిముద్రలు తీసుకొని వారి పేరిట దరఖాస్తులు పెట్టారు. వచ్చిన సొమ్ములో కొంత చేతిలో పెట్టి, ఇది సౌదీ అరేబియా నుండి వచ్చిన సాయమని కొందరికి చెప్పారట. తమ బిడ్డల హక్కును దానమని నమ్మి, దువా చేస్తూ ఇంటికి వెళ్ళిన ఆ తల్లులను తలచుకొంటే మనసు చివుక్కుమంటుంది.

తరువాత కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ఫిర్యాదుపై 2023 ఆగస్టులో సీబీఐ కేసు నమోదు చేసింది. వివిధ రాష్ట్రాల్లో 830 బోగస్ సంస్థలు, ఖజానాకు రూ.144.83 కోట్ల నష్టం అని అందులో చూపారు. ఈ మధ్యలోనే, 2022-23 నుండి, 1 నుండి 8 తరగతుల వారికి ఆ ఉపకారవేతనమే నిలిచిపోయింది. ప్రభుత్వం చెప్పిన కారణం విద్యాహక్కు చట్టం. దానిపై మన వాదన మనకు ఉంది, అది కొనసాగుతుంది. కానీ రేపు ఆ చర్చ వచ్చినప్పుడు మన ముందు మొదట పరిచేది ఆ బోగస్ జాబితానే. దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు తిప్పినవారిగా మేము చెప్పగలం: దళారి పేరు కాగితంపై ఎక్కడా ఉండదు, వేలిముద్ర వేసినవారి పేరే ఉంటుంది.

ఓటీపీ ఎవరికీ చెప్పరాదని మన ఇళ్ళలో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. సంతోషమే. కానీ ఆధార్ ఆధారిత చెల్లింపులో ఓటీపీ ఉండదు, పిన్ ఉండదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. సంతకం రాని మన నానీలు, దాదీలు ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెడుతున్నారు. ఒకసారి వేసి, "సర్వర్ లేదు, మళ్ళీ పెట్టమ్మా" అంటే మళ్ళీ పెడతారు. ఆ రెండవది దేనికో అడిగేవారు లేరు. మనిషి ఎదురుగా లేకపోయినా ముద్రను దొంగిలించవచ్చునని కూడా తేలింది. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుండి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వేలాది సిమ్‌లను చెలామణీ చేశాడు.

దీనికి బయోమెట్రిక్ లాక్ అనే తాళం ఉంది. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఆప్‌లో గానీ వేసుకోవచ్చు, రుసుము లేదు. అయితే ఆధార్‌కు ఫోన్ నంబరు జత అయి ఉండాలి. రేషనుకో మరో పనికో వేలు పెట్టవలసి వస్తే ముందుగా తాళం తీసుకొని వెళ్ళాలి. కాస్త శ్రమే. ఇంట్లో చదువుకొన్న పిల్లలు ఆ శ్రమ తీసుకోవాలి.

మిగిలిన మాటలు క్లుప్తంగా చెబుతాము. ఫిషింగ్ అంటే గాలం వేయడం. బ్యాంకు పేరుతోనో, హజ్, ఉమ్రా రాయితీ పేరుతోనో లింకు పంపి మన వివరాలు లాగడం. ఏపీకే అంటే ఫోన్‌లో ఆప్‌ను ఎక్కించే ఫైలు. పెళ్ళి పత్రిక అని, చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకేను తెరిచి ఎక్కించుకొంటే, మీ ఓటీపీలు మీకంటే ముందు అవతలివాడు చదువుతాడు. మ్యూల్ ఖాతా అంటే కమీషన్‌కు ఆశపడి ఇతరుల దొంగసొమ్ము తిరగడానికి అరువిచ్చిన బ్యాంకు ఖాతా. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతాదారు ఇంటికే. మన యువకులు దీన్ని చెవిన పెట్టాలి.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి స్వయంగా మన్ కీ బాత్‌లో ఆ మాట చెప్పారు. అయినా మనవారి విషయంలో ఈ మోసానికి మరో పదును ఉంది. ఉగ్రవాద కేసులో మీ పేరు ఉందని వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా అనగానే, ఏ పాపమూ ఎరుగని మనిషి కూడా వణికిపోతాడు. ఆ భయం మనకు ఎలా పట్టుకొందో వేరే చెప్పనక్కరలేదు. మోసగాడికి మాత్రం అది పెట్టుబడి. ఫోన్ పెట్టేసి ఇంట్లో పెద్దలకో, వకీలుకో చెప్పండి. వార్త తెచ్చినవాడిని విచారించి గాని నమ్మవద్దన్న ఆదేశం అల్ హుజురాత్ సూరాలో మనకు ఏనాడో వచ్చింది.

2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను వేలానికి పెట్టినట్లు చూపిన దుర్మార్గం మరువరానిది. పాత్రికేయులు, ఉద్యమకారిణులు అందులో లక్ష్యమయ్యారు. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళలో ఆడపిల్లల చేతిలోని ఫోన్ లాక్కొన్నారు. ఇది తప్పని మా అభిప్రాయం. నేరం చేసినవాడు ఒకడు, శిక్ష మన బిడ్డకా? వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టించండి, ప్రొఫైల్ ఫోటో పరిచయస్తులకే కనబడేటట్లు మార్చండి. బెదిరింపు వస్తే మా నాన్న ఏమంటాడో అని దాచుకోకుండా చెప్పగల చనువు ఇవ్వండి. మహిళలపై ఇటువంటి నేరాలను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాలు దాటిపోక ముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

జిల్లా యంత్రాంగాన్ని మేము ఒక్కటే కోరుతున్నాము. ఉపకారవేతనం, పింఛను, బ్యాంకు సేవ ఏదైనా సరే, వేలిముద్ర తీసుకొన్న ప్రతిసారీ దేనికోసం తీసుకొన్నారో, ఎంత సొమ్మో తెలిపే రసీదును తెలుగులోనూ ఉర్దూలోనూ చేతికి ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. మసీదు కమిటీలు ఈ కోరికను తీర్మానంగా రాసి, సంతకాలతో కలెక్టరు కార్యాలయంలో వచ్చే సోమవారపు అర్జీలలో అందజేయాలి. అర్జీ ఇచ్చి, దానికి రసీదు తీసుకోవడం మరువవద్దు.