బౌచర్ పిల్లలు

ఈ నెల మీకు ఒక ఇంగ్లీషు నవల సంగతి చెప్తా. పేరు 'నార్త్ అండ్ సౌత్'. రాసినామె ఎలిజబెత్ గాస్కెల్, మాంచెస్టర్‌లో కాపురమున్న ఇల్లాలు. 1854లో ఒక వారపత్రికలో మొదలైంది. నాది నాలుగో తరగతి చదువు. మా మనవరాలు ఫోన్ల ఆ నవల పెట్టి, మధ్యమధ్య ఆపి మన మాటల్ల చెప్పింది.

మొదట విసుగొచ్చింది. మార్గరెట్ అనే పాదిరి బిడ్డ పల్లె విడిచి మిల్లుల ఊరికొచ్చి, ఆ పొగ చూసి ముఖం ముడుచుకుంటది. దొరసానుల బాధలు మనకెందుకనిపించింది. బెస్సీ వచ్చినాక సర్దుకొని కూసున్న. కార్డింగ్ ఖాతాల దూది నుసి మింగి ఊపిరితిత్తులు చెడిన పంతొమ్మిదేండ్ల పిల్ల. నుసిని లాగే చక్రానికి అయిదారు వందల పౌండ్లు అయితయి, లాభం రాదు, అందుకే పెట్టే యజమానులు తక్కువ. కొందరు పనోళ్లు కూడా వద్దంటరట. నుసి మింగితే ఆకలి తెలియదట! ఆ మాట కాడ ఆపమన్న. ఆ దగ్గు మన ఇండ్లల్ల విననిదెవరు?

తర్వాత సమ్మె. యూనియన్ నాయకుడు హిగ్గిన్స్, బెస్సీ తండ్రి, కొట్లాట వద్దంటడు. ఇంటినిండా ఆకలి పిల్లలున్న బౌచర్ ఆగలేక గుంపుల కలిసి మిల్లు యజమాని ఇంటి మీదికి పోతడు. సమ్మె చెడిపోతది. బౌచర్ మీద పండ్లు కొరికిన. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మెల నేనూ ఉన్న. రెండున్నర లక్షల మందిమి బయటున్నం. నెలలు గడిచినకొద్దీ గిన్నెలు అమ్ముకున్నోళ్లున్నరు, చీకట్ల మిల్లు లోపలికి పోయినోళ్లున్నరు. వాళ్ల పేర్లు నాకు ఇంకా యాదికున్నయి.

బౌచర్‌కు పని ఎవరూ ఇయ్యలేదు. అద్దకం రంగు కలిసిన వాగుల పడి చచ్చిండు. శవం ముఖానికి కూడా రంగంటిందట. కోపం ఉన్నది ఉన్నట్టే ఉంది, గొంతు మాత్రం పట్టుకుంది. ఆ పిల్లలను సాకింది ఎవరు? హిగ్గిన్సే. వాళ్ల కోసమే ఏ యజమాని మీద సమ్మె కట్టిండో ఆ థార్న్‌టన్ కోసం అయిదు గంటలు నిలబడి పని అడిగిండు.

మన చాళ్లల్ల "ఆనాడు లోపలికి పోయినోని కొడుకు" అనే మాట పెండ్లి సంబంధాల కాడ ఇంకా వినబడ్తది. ఆ కొడుకులు అప్పుడు పాలు తాగేటోళ్లు. హిగ్గిన్స్ బౌచర్ చేసింది మంచిదని అనలేదు. పిల్లలకు అన్నం పెట్టిండు, అంతే.