ఆరోగ్య ప్రసంగము: పరీక్షకు వచ్చి పొగ మానినవారు

వైద్యులొక మనుష్యుని పిలిచి, యతని యలవాట్లు వ్రాసికొని, యేటేట పరీక్షించుచుండిరేని, ఆ పరీక్షయే యతనిని మార్చునా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1973లో నొక గొప్ప పరిశోధన మారంభమయ్యెను. గుండెజబ్బు వచ్చు నపాయ మెక్కువగా నున్న 12,866 మంది పురుషులను, 35 మొదలు 57 ఏండ్లవారిని, చీట్లు వేసినట్లు రెండు తెగలుగా విభజించిరి. మొదటి తెగవారికి పొగ మానుటకును, రక్తపుపోటు తగ్గించుకొనుటకును, ఆహారము మార్చుకొనుటకును ప్రత్యేకముగా బోధించిరి. ఆ బోధకు భార్యలను గూడ పిలిచిరి. వంట చేయువారిని విడిచి పథ్యము చెప్పిన ఫలమేమి? రెండవ తెగవారిని తమ తమ వైద్యులకే విడిచి, యేడాది కొకసారి మాత్రము పరీక్షించుచు వచ్చిరి.

1982లో ఫలితములు వెలువడెను. బోధ పొందినవారిలో పొగ మానినవారే యెక్కువ. కాని బోధ లేనివారిలోను పెక్కురు మానియుండిరి! అందుచే గుండెజబ్బు మరణములలో రెండు తెగలకు ననుకొన్నంత భేదము కనబడలేదు. పండితులకు నిరాశ కలిగెను. ఆ రెండవ తెగవారి యిల్లాండ్రకు మాత్రము కలిగియుండదు. ఆ దినములలో దేశమంతటను పొగత్రాగుట తగ్గుచునే యుండెను గనుక ఘనతయంతయు పరీక్షదే యనరాదు. అయినను తన కపాయమున్నదని యెరిగి, "దినమునకెన్ని సిగరెట్లు?" అను ప్రశ్నకు ప్రతియేట బదులు చెప్పవలసినవాడు వానిని లెక్కింపక యుండునా? తక్కువ చెప్పువారు నుందురు. అందుకొరకు రక్తములో పొగజాడలు గూడ వెదకిరి.

ఇక మన శ్రీకాకుళము మాట. అచ్చట 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిన వృత్తాంతము 1971లో ప్రకటింపబడెను. నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డచుట్ట త్రాగువారిలో స్త్రీలే యెక్కువ. ఆ వేడికి అంగిలి తెల్లబారి పుండ్లు పడును, కొందరికది రాచపుండగును. తరువాత శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందిని యేటేట పరీక్షించుచు, మానుడని బోధించిరి. అట్టి ప్రచారము లేని పూర్వపు పరీక్షితులకంటె వీరిలో మానినవారు హెచ్చని 1986లో తేలెను. తన యంగిలి తనకు కనబడదు గదా. చూచినవారు చెప్పినప్పుడే భయము పుట్టును.

అయినను చాలమంది మానలేదు. అడ్డచుట్ట బూడిద రాలదు, గాలికారదు, పని చేయు చేతుల కడ్డము రాదు. ఇంటిలోని ముసలమ్మను కసరుటకు ముందు ఈ సంగతి గూడ తలచుకొనవలెను.