ఆర్నెల్లకో చెంచా!

బొగ్గుబావిలోకి దిగేవాళ్లకు చీకటి కొత్త కాదు. నెత్తిన దీపముంటే దారి కనిపిస్తుంది. కానీ పొద్దుగూకితే చాలు, ఇంట్లోనే తడుముకుంటూ నడిచే పసివాడికి ఏ దీపం దారి చూపుతుంది? ఆ జబ్బు పేరు రేచీకటి. పిల్లల్లో దీనికి ముఖ్య కారణం... ఒంట్లో విటమిన్‌ ఎ తగ్గిపోవడం.

అక్కడితో ఆపకపోతే కంటి తెల్లగుడ్డు తడారిపోతుంది, నురగలాంటి మచ్చలు వస్తాయి. ఆపైన నల్లగుడ్డు మెత్తబడి పుండుపడితే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. తట్టు, విరేచనాలు తోడైతే ముప్పు ఇంకా త్వరగా ముంచుకొస్తుంది.

దీనికి విరుగుడు చూపినవారిలో మన హైదరాబాద్‌ శాస్త్రవేత్తలూ ఉన్నారు. విటమిన్‌ ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి, ఒక్కసారి పెద్ద మోతాదు పడితే నెలల తరబడి సరిపోతుంది. డాక్టర్‌ సి.గోపాలన్‌ సారథ్యంలో జాతీయ పోషకాహార సంస్థ చేసిన ఈ పరిశోధనలే పునాదిగా 1970లో కేంద్రం పథకం మొదలుపెట్టింది. ఇండోనేషియాలో చేసిన అధ్యయనం 1986లో మరో మంచి కబురు చెప్పింది. ఈ చుక్కలు చూపునే కాదు, ప్రాణాన్నీ నిలుపుతాయని! హెలెన్‌ కెల్లర్‌ పేరిట నడుస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆఫ్రికా దేశాల్లో వీటి పంపిణీకి తోడ్పడుతోంది.

మన దగ్గర తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు 1 మిల్లీలీటరు, ఏడాదిన్నరప్పుడు 2 మిల్లీలీటర్లు, తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆర్నెల్లకోసారి అంతే మోతాదు వేస్తారు. మొత్తం తొమ్మిది డోసులు. మొదటి రెండూ టీకాలతో కలిసి పడిపోతాయి. మరిచిపోయేది ఆ తర్వాతే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 9-35 నెలల పిల్లల్లో అంతకుముందు ఆర్నెల్లలో ఈ మందు అందినవారు సుమారు 71 శాతమే.

గోదావరిఖని, రామగుండంలలో సింగరేణి పర్మినెంటు కార్మికుల పిల్లలకు కంపెనీ ఆస్పత్రి ఉంది. పని వెతుక్కుంటూ వచ్చి, కాంట్రాక్టు అయిపోగానే మరో ఊరికి కదిలే కుటుంబాల సంగతి? అలాంటివాళ్లు సామానుతోపాటు టీకా కార్డునూ భద్రంగా తీసుకెళ్లాలి. కొత్త ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌కో, ఆశా కార్యకర్తకో చూపిస్తే చాలు.

అలాగని మందు సొంతంగా కొని పోయకూడదు. ఎక్కువైతే విషమే. తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, కార్జం మాత్రం ఎవరైనా పెట్టొచ్చు. ఆకుకూరలో కాస్త నూనె పడితే ఒంటికి బాగా పడుతుంది.

బీరువాలోంచి పిల్లల కార్డు తీసి గళ్లు లెక్కపెట్టండి. ఖాళీ ఉంటే... రేపే బయల్దేరండి.