గోళ్లకు రాళ్లు, వేళ్లకు పుళ్లు

"డాక్టరు గారూ! వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. గోళ్లకు జెల్ పూసి, దాని మీద మెరిసే రాళ్లు అతికించుకుంటానని పట్టుబట్టి కూచుంది. బ్యూటీ పార్లర్లో చాలా అడుగుతున్నారని లైటుతో సహా సామానంతా ఇంటికే తెప్పించింది. వాళ్ల చెల్లెలు పెడుతుందట. దీనివల్ల ప్రమాదం ఏమైనా వుందా? వద్దంటే అలుగుతోంది." గూడూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది.

అమ్మా, ముందు మీరు అమ్మాయిని కోప్పడకండి. గోళ్లు సింగారించుకోవడం మనకేమీ కొత్త కాదు. ఆషాఢమాసంలో గోరింటాకు పెట్టుకోని ఆడపిల్ల మన వైపు అరుదు. రాళ్ల మీద మోజూ కొత్తది కాదు. మీ ముక్కుపుడకలో వున్నదీ రాయే కదా! ఈ గోటి రాళ్లు ఒట్టి గాజువో, ప్లాస్టిక్‌వో. వాటిని రైన్‌స్టోన్లంటారు. ఐరోపాలో రైన్ నది దగ్గర దొరికిన స్ఫటికాల పేరు ఇప్పుడు ప్లాస్టిక్ ముక్కకు కూడా వచ్చింది. అవి వాటంతట అవి ఎవరినీ ఏమీ చెయ్యవు. లైటును గురించి కూడా జనం భయపడుతున్నంత లేదు. భయపడవలసింది రాయికీ గోటికీ మధ్య వుండే జెల్‌ను గురించి. సరిగ్గా చెప్పాలంటే, గట్టిపడకుండా పచ్చిగా మిగిలిపోయిన జెల్‌ను గురించి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివే వున్నాను. కాని నిజంగా నేర్చుకున్నది మాత్రం ఒక పేషెంటు దగ్గర. ఆ పేషెంటు విషయంలో మొదట నేను పొరబడ్డాను కూడా. అందుకే అది దాచకుండా చెబుతాను.

ఇరవై రెండేళ్ల అమ్మాయి. డిగ్రీ అయింది. తల్లి నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుంది. అమ్మాయి బొటనవేళ్లు, చూపుడు వేళ్లు, మధ్యవేళ్ల కొసలు ఎండిపోయి, పొట్టు రేగి, పగుళ్లు ఇచ్చి వున్నాయి. "అంట్లు తోముతావా?" అని అడిగాను. "తోముతా సార్" అంది. ఇంకేముంది, సబ్బూ నీళ్లూ పడక వచ్చిన ఎగ్జిమా అని తేల్చేశాను. ఆయింటుమెంటు రాసిచ్చి, అంట్లు తోమేటప్పుడు గ్లవ్సు వేసుకోమన్నాను. పది రోజులకు కాస్త తగ్గింది. మళ్లీ తిరగబెట్టింది. మూడోసారి వచ్చినప్పుడు రెండు కళ్ల రెప్పలూ వాచి వున్నాయి. కాటుక మానెయ్యమన్నాను!

ఆ అమ్మాయి లేవబోతూ, "నిమ్మకాయ పిండాలంటే ఏడుపొస్తా వుంది సార్. నిమ్మకాయల వూళ్లో పుట్టి నిమ్మకాయ పిండుకోలేకపోతా వుండా" అని చెయ్యి చాపింది. ఎడమచేతి ఉంగరం వేలి గోటి మీద మూడు రాళ్లు తళుక్కుమన్నాయి. ఎవరు పెట్టారని అడిగాను. "నేనే సార్. మా వీధిలో పెళ్లయితే అందరికీ నేనే పెడతా. దాంతోనే తమ్ముడి ఫీజు కడతా వుండా" అంది.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో మేస్త్రీలను సిమెంటు సంగతి అడిగాను, తోళ్ల పనివాళ్లను రంగుల సంగతి అడిగాను. ఆడపిల్ల కనపడగానే మాత్రం అంట్ల సంగతి అడిగాను. "ఏం పని చేస్తావమ్మా?" అని మొదటి రోజే అడిగి వుంటే నెలన్నర కలిసివచ్చేది. పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పంపాను. అక్కడ వీపు మీద రకరకాల మందుల బిళ్లలు అంటించి, రెండు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి చూశారు. దీన్ని పాచ్ టెస్టు అంటారు. ఎక్రిలేటు పెట్టిన చోట ఎర్రగా పొంగింది. జెల్‌లో వుండే రసాయనం అదే.

మామూలు గోళ్ల రంగు గాలికి ఆరుతుంది. అందులోని ద్రావకం ఎగిరిపోయి రంగు పొర మిగులుతుంది. జెల్ అలా ఆరదు. సీసాలో వున్నప్పుడు ఎక్రిలేటు అణువులు విడివిడిగా వుంటాయి. ప్రత్యేకమైన లైటు పడగానే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుకట్టుగా గట్టిపడతాయి. పిప్పిపన్నుకు సిమెంటు పెట్టించుకుని నీలం లైటు చూపించుకున్నవారికి ఈ తమాషా అనుభవమే. రెండూ ఒకే వంశపు సరుకులు. పూర్తిగా గట్టిపడిన జెల్ చర్మం జోలికి దాదాపు రాదు. విడి అణువు మాత్రం బహు చిన్నది. చర్మంలోకి చొరబడిపోతుంది. పల్చటి రబ్బరు గ్లవ్సులోంచి కూడా కొద్ది నిమిషాల్లోనే దూరిపోతుంది. మా అమ్మాయి గ్లవ్సు వేసుకునే పని చేసేది. ఏం లాభం?

ఇక్కడే రాళ్ల పాత్ర వస్తుంది. చాలా రాళ్లకు అడుగున అద్దానికి వున్నట్టే పూత వుంటుంది. ఆ తళుకంతా దానివల్లనే. పైనుంచి లైటు వేస్తే కాంతి ఆ పూతను తాకి వెనక్కు మళ్లుతుందేగాని అడుగున వున్న జెల్ దాకా పోదు. పక్కల నుంచి దూరినంతే దూరుతుంది. రాయి పెద్దదైనకొద్దీ, కింద ముద్ద మందమైనకొద్దీ పచ్చిగా మిగిలేది ఎక్కువ. ఎండ చాలని వడియం చూశారా? పైకి గలగలలాడుతుంది, విరిస్తే లోపల తడి. అదే పని ఇక్కడా జరుగుతుంది. పైగా రాయి జారకుండా దాని చుట్టూ మరికాస్త జెల్ కట్టకడతారు. అది పక్కకు జారి చర్మాన్ని తాకుతుంది. దాన్ని వేలితో తుడిచేస్తారు. ఆ తుడిచిన వేలే కంటికి పోతుంది. కనురెప్ప చర్మం మన ఒంటి మీద అన్నిటికంటే పల్చన. అందుకే జబ్బు వేలి దగ్గర మొదలై రెప్ప మీద తేలుతుంది.

"మా అమ్మాయి ఆరు నెలలుగా వేసుకుంటోంది, ఏమీ కాలేదే!" అంటారు కొందరు. ఎలర్జీ లక్షణమే అది. మొదటిసారి రాదు. శరీరం ఆ రసాయనాన్ని గుర్తుపెట్టుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్నేళ్లు పట్టవచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకున్నదా, ఇక మరవదు. జీవితమంతా వుంటుంది. తరవాత పన్నుకు సిమెంటు పెట్టాలన్నా, కీలు మార్పిడిలో ఎముక సిమెంటు వాడాలన్నా, షుగరు చూడటానికి చేతికి అంటించే యంత్రమైనా, వీటన్నిటిలోనూ ఈ ఎక్రిలేట్లు వుండవచ్చు. ఇరవై ఏళ్ల పిల్ల పెళ్లికని పెట్టుకున్న రాళ్లకు అరవయ్యో ఏట మోకాలి ఆపరేషన్ నాడు లెక్క చెప్పుకోవలసి రావచ్చు. అందరికీ వస్తుందని కాదు. ఎక్కువమందికి రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు, అదీ చిక్కు.

ఇది నిన్నమొన్నటి గొడవ కూడా కాదు. 1970 ప్రాంతాల్లోనే అమెరికాలో మిథైల్ మెథాక్రిలేటు గోళ్ల వల్ల వేళ్లు దెబ్బతిన్నాయని ఫిర్యాదులు వచ్చి, ప్రభుత్వం కోర్టు దాకా వెళ్లింది. బ్రిటన్‌లో చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం 2018లో ఇళ్లలో వాడే జెల్ సామాన్లను గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. వీటిల్లో ముఖ్య ముద్దాయి హైడ్రాక్సీ ఇథైల్ మెథాక్రిలేటు. పొట్టిపేరు 'హెమా'. పేరు మాత్రం మన ఇంటి ఆడపిల్ల పేరులాగే వుంది! ఐరోపా సమాఖ్య దేశాల్లో 2021 నుంచి దీన్ని పని నేర్చినవాళ్లే వాడాలని నిబంధన. జెల్ గట్టిపడటానికి కలిపే టి.పి.ఓ. అనే మరో పదార్థాన్ని అక్కడ 2025 సెప్టెంబరు 1 నుంచి గోళ్ల సామాన్లలో నిషేధించారు. కొనేటప్పుడు డబ్బా మీద ఈ రెండు పేర్ల కోసం వెతకండి. ఏమేమి కలిపారో అసలు రాయని డబ్బాను ఎంత చవకైనా కొనకండి.

మీ అమ్మాయి పెళ్లి మాటకు వద్దాం. నన్నడిగితే జెల్ వద్దనే అంటాను. మామూలు గోళ్ల రంగు వేసుకుని, అది పచ్చిగా వుండగానే చిన్న రాయి పెట్టి, ఆరాక పైన మరో పూత వెయ్యండి. నాలుగు రోజులుంటుంది. పెళ్లి ముచ్చటకు నాలుగు రోజులు చాలవా? అలాగని దొరికిన గమ్ము చుక్కతో రాళ్లు అతికించకండి. క్షణంలో అతుక్కునే ఆ గమ్ములు కూడా ఎక్రిలేటు జాతివే. నూలు బట్ట మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి, కింది చర్మం బొబ్బలెక్కుతుంది. గమ్ము సీసా కంటిమందు సీసాలా వుండబట్టి పొరపాటున కంట్లో వేసుకున్నవాళ్లూ వున్నారు. అలా జరిగితే రెప్పలు లాగకండి. నీళ్లతో కడుగుతూ వెంటనే ఆస్పత్రికి రండి.

కాదు, జెల్లే కావాలంటుందా? అయితే ఈ మాటలు చెల్లెలికి చదివి వినిపించండి. గోటి మొదట్లో వుండే పల్చటి తోలును కత్తిరించవద్దు, వెనక్కు పొడవవద్దు. అది గోటికి తలుపు. తలుపు తీస్తే గోరుచుట్టు లోపలికొస్తుంది. జెల్‌కూ చర్మానికీ మధ్య చుట్టూ వెంట్రుకవాసి సందు వదలాలి. పొరపాటున చర్మానికి తగిలితే లైటు కింద పెట్టకముందే పుల్లకు దూది చుట్టి తుడవాలి. వేలితో తుడవకూడదు. పూతలు కాగితమంత పల్చగా వుండాలి. ఏ కంపెనీ జెల్లో ఆ కంపెనీ లైటే వాడాలి. జెల్ ఒకచోటా, లైటు ఒకచోటా చవకగా కొంటే పైపొర గట్టిపడుతుంది, లోపలిది పడదు. రాయిని పట్టకారుతో పెట్టాలి. కింద ఆవగింజంత జెల్ చాలు. పెట్టాక చేతిని అటూ ఇటూ వంచి పక్కల నుంచి కూడా లైటు తగలనివ్వాలి. అంతా అయ్యాక పైన జిగురుగా ఒక పొర మిగులుతుంది. గాలి తగిలినచోట జెల్ గట్టిపడదు కాబట్టి అది పచ్చి జెల్లే. దాన్ని స్పిరిటు దూదితో తుడిచి, ఆ దూదిని పారెయ్యండి. అదే దూదితో రెండో చెయ్యి తుడవకండి.

రాళ్లు ఒకటి రెండు చాలు, అదీ ఎడమచేతికే. కుడిచెయ్యి వదిలెయ్యమనండి. మనం అన్నం కలుపుకునేది దాంతోనే. రాళ్ల చుట్టూ సందుల్లో పప్పూ, నలుగుపిండీ చేరతాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. చంటిబిడ్డకు ముద్దలు పెట్టే తల్లులైతే అసలు పెట్టుకోవద్దు. ఊడిన రాయి ముద్దలోకి పోతుంది. పాకే పిల్లకు దొరికితే ముక్కులోకో చెవిలోకో పోతుంది. అలా పోయిన రాయిని పిన్నీసుతో తియ్యబోయి ఇంకా లోపలికి తోసి తీసుకొచ్చే తల్లిదండ్రుల మీద నాకు జాలీ కోపమూ రెండూ వస్తాయి.

పెట్టడం కంటే తియ్యడంలోనే గోళ్లు ఎక్కువ పాడవుతాయి. చీర జరీకి పట్టి రాయి లేస్తుంది. చెయ్యి వూరుకోదు, గిల్లి లాగేస్తుంది. జెల్‌తోపాటు గోటి పైపొర కూడా లేచివస్తుంది. ఆ గోరు కాగితంలా పల్చబడి, నీళ్లు తగిలినా జివ్వుమంటుంది. చేతిగోరు నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. మొత్తం కొత్త గోరు రావాలంటే ఆరు నెలలు. కాబట్టి లాగవద్దు. పైపూతను ఆకురాయితో మెల్లగా అరగదీసి, ఎసిటోన్ తడిపిన దూది గోటి మీద పెట్టి, పైన రేకు కాగితం చుట్టి పది పదిహేను నిమిషాలుంచితే మెత్తబడి వస్తుంది. తరవాత కొబ్బరినూనె రాయండి. ఎసిటోన్ పెట్రోలులాగా అంటుకుంటుంది. వంటింట్లో, దేవుడి దీపం దగ్గర ఈ పని చెయ్యకండి. గోరు కిందనుంచి లేచి ఆ సందులో పచ్చరంగు కనపడితే అక్కడ తేమలో పెరిగే సూక్ష్మక్రిమి చేరిందన్నమాట. దాని మీద మళ్లీ రాయి పెట్టి దాచకుండా డాక్టరుకు చూపించండి.

లైటు మాట చెబుతానన్నాను. 2023లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద ఈ లైటు వేసి చూస్తే కణాలు దెబ్బతిన్నాయి. దాన్నిబట్టి మనిషి చేతికి కాన్సరు వచ్చేస్తుందని చెప్పలేము. ఏడాదికి ఒకటి రెండుసార్లయితే నేను అడ్డుపడను. వేళ్ల కొసలు కత్తిరించిన పాత నూలు గ్లవ్సు వేసుకుంటే మరీ మంచిది. మొటిమలకు డాక్సీసైక్లిన్ మింగుతున్నవాళ్లు మాత్రం ఆగాలి. ఆ మందు మీద వున్నప్పుడు చర్మం కాంతికి తొందరగా కమిలిపోతుంది.

ఇంకొకటి. ఆపరేషన్‌కు గాని, కాన్పుకు గాని వచ్చేముందు గోళ్లు ఖాళీ చేసుకుని రండి. మేము రక్తం తక్కువగా వుందా, ప్రాణవాయువు అందుతోందా అని మొదట చూసేది గోళ్లనే. ఆక్సిజన్ చూడటానికి వేలికి తగిలించే క్లిప్పు కూడా మందపాటి జెల్ మీద, రాళ్ల మీద సరిగా చూపించకపోవచ్చు. కాన్పు నొప్పులు పడుతున్న తల్లి గోటిమీద నర్సమ్మ దూదితో రుద్దుతూ కూచోవడం ఎవరికి సరదా?

పెట్టుకున్నాక వేళ్ల కొసలు దురద పెట్టినా, పగిలినా, గోటి చుట్టూ ఎర్రబడినా, రెప్పలు వాచినా జెల్ తీసెయ్యండి. తగ్గాక మరో కంపెనీది ప్రయత్నిద్దామనుకోకండి. పేరు మారినా లోపలిది అదే జాతి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడగకపోయినా గోళ్ల సంగతి మీరే చెప్పండి. నాలాంటి వాళ్లు అంట్ల దగ్గరే ఆగిపోతారు.

ఆ అమ్మాయి జెల్ పని మానేసింది. వేళ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెడుతోంది. ఆకు ఇంట్లోనే రుబ్బుతుంది, నల్లగా పండటానికి రంగుపొడి కలిపిన కోన్లు ముట్టుకోదు. ఆ పొడి మరో పెద్ద ఎలర్జీ. డబ్బు మునుపటంత రావడం లేదంది. పోయిన నెల పన్నునొప్పి అని వచ్చింది. పళ్ల డాక్టరుకు చీటీ రాసిస్తూ, అన్నిటికంటే పైన ఎర్రసిరాతో 'ఎక్రిలేటు ఎలర్జీ' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి పర్సులో దాచుకుంది.