ఆమె పేరు మీద ఒక వీసా

మా అక్క కూతురు మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో మూడేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక భర్త వెంట హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లింది. ఆ వీసాతో ఉద్యోగం చేసే హక్కు దానంతటది రాదు. భర్త వీసా పోతే ఆమెదీ పోతుంది. "నీకంటూ ఒక వీసా తెచ్చుకోకూడదటే?" అని అడిగితే, "లాటరీలో పేరు రావాలి కదా పిన్నీ" అంది. లాటరీతో పనిలేని దారి ఒకటుందని నాలుగేళ్లుగా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000 అనే పరిమితి 1990 నాటి చట్టంతో వచ్చింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 కలుపుతూ 2004లో చట్టం చేశారు. లాటరీ అంతా వీటికోసమే. అయితే 2000లో వచ్చిన చట్టం కొందరు యజమానులను ఈ పరిమితి నుంచి మినహాయించింది. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్షలేని సంస్థలు, లాభాపేక్షలేని పరిశోధనా సంస్థలు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలు ఇందులోకి వస్తాయి. డిగ్రీ అవసరమైన ఉద్యోగం ఇస్తే వీరు ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. పార్ట్‌టైమ్ ఉద్యోగానికైనా సరే.

స్వచ్ఛంద సంస్థల్లో ఉన్నవారు ఒకటి గమనించాలి. లాభాపేక్ష లేనంత మాత్రాన ఏ సంస్థకూ ఈ మినహాయింపు రాదు. విశ్వవిద్యాలయంతో అనుబంధమో, పరిశోధనో ఉండాలి. పరిశోధన సంస్థ ప్రధాన ధ్యేయమే కానక్కర్లేదు, దాని మౌలిక కార్యక్రమాల్లో ఒకటైతే చాలని 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధన సడలించింది.

ఇది విముక్తి మార్గమని నేననను. ఈ సంస్థల కనీస వేతనాన్ని 1998 చట్టం ప్రకారం ఇలాంటి సంస్థల జీతాలతోనే పోల్చి లెక్కిస్తారు కాబట్టి, జీతం ప్రైవేటు కంపెనీల కన్నా తక్కువగా ఉండవచ్చు. ఇక్కడ మానేసి కంపెనీకి వెళ్లాలంటే మళ్లీ లాటరీయే. ఉద్యోగం పోతే గడువు 60 రోజులకు మించదు. భర్త మీద ఆధారపడటం పోయి యజమాని మీద ఆధారపడటం వచ్చిందన్నమాట. అయినా తేడా ఉంది. జీతం ఆమె పేరు మీద వస్తుంది, విడిపోవాల్సి వస్తే ఆ దేశంలో ఉండే హక్కు భర్త దయ మీద ఉండదు. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇస్తున్నారు గాని, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఎంతవరకు వచ్చిందన్న దాన్ని బట్టే.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఏడాది కాలానికి ఒక ప్రకటన చేశాడు. బయటి దేశంలో ఉన్నవారికోసం కొత్తగా పెట్టే దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నాడు. విశ్వవిద్యాలయాలకూ మినహాయింపు ఇవ్వలేదు. అక్కడే ఉండి వీసా హోదా మార్చుకునేవారికి ఇది వర్తించదని అక్టోబరులో అధికారులు వివరణ ఇచ్చారు. అందువల్ల దరఖాస్తు పెట్టేనాటికి ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకోవాలి. అది నడుస్తుండగా దేశం దాటే ముందు న్యాయవాదిని అడగాలి.

విదేశీ సంబంధం అనగానే మనం వరుడి ఉద్యోగం, జీతం, వీసా విచారించమని తల్లిదండ్రులకు చెబుతున్నాం. అమ్మాయి వీసా సంగతి ఎవరం అడుగుతున్నాం? ఆమె డిగ్రీ, మార్కుల జాబితాలు, అనుభవ పత్రాలు ఆమె దగ్గరే ఉండాలని చెబుతున్నామా? మా అమ్మాయి కాగితాలు అత్తగారి బీరువాలో ఉన్నాయి. వాటిని తెప్పించుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఇప్పుడు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు దరఖాస్తులు పెడుతోంది.

ఈ దారి చదువుకున్న కొద్దిమందికే. డిగ్రీ లేని భార్యకు ఇందులో ఏమీ లేదు. కాబట్టి ఈ సమాచారం అందరికీ చేరవేస్తూనే, ఆధారిత వీసా మీద వెళ్లిన ప్రతి స్త్రీకీ భర్త దరఖాస్తుతో నిమిత్తం లేకుండా పనిచేసే హక్కు కావాలని మనం అడగాలి.