పాదలేపమును నమ్మరాదు



గత మాసమున ఒకనాటి మధ్యాహ్నము మా పొరుగింటి ఇల్లాలు వంటయిల్లు సర్దుకొని మా యింటికి వచ్చిరి. వారి మొగమున సంతోషమును దిగులును కలగలిసియుండెను.

“వదినగారూ, మా పెద్దమ్మాయికి ఆస్ట్రేలియావారి చీటీలలో పేరు వచ్చిందట. ఏడాదిపాటు అక్కడ పండ్లతోటల్లో కూలిపని చేస్తుందట. పని లేనప్పుడు వీపున సంచీ తగిలించుకుని కొండలు తిరుగుతుందట. డిగ్రీ చదివించింది పండ్లు కోయడానికా? ఆడపిల్ల అడవిలో గుడారంలో పడుకోవడమేమిటి? మీరూ మాస్టారూ కలిసి దానికి నాలుగు మంచిమాటలు చెప్పాలి” అనిరి.

బుద్ధి చెప్పుటకు ముందు సంగతి తెలిసికొనుట ధర్మమని మేము భావించితిమి. మా యింటివారు బడినుండి వచ్చిన పిదప ఆ చిన్నదానిని పిలిపించి, ఆమె తెచ్చిన పటములను, కాగితములను మూడు సాయంకాలములు చూచితిమి. మేము గ్రహించిన దానిని మీకును విన్నవించుచున్నాము; ఇట్టి ప్రశ్న నేడు మన యిండ్లలో ఏ గడపనైనను తట్టవచ్చును.

అన్యదేశముల యువజనులు కొంతకాలము పనిచేయుచు దేశము చూచుటకు ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు 1975లో ఒక పద్ధతిని నెలకొల్పిరి. 2022లో జరిగిన వాణిజ్యపు టొడంబడిక వలన 2024లో మన దేశమువారికిని ఈ ద్వారము తెరవబడినది. పదునెనిమిది మొదలు ముప్పదియేండ్ల వరకు వయసుగల వారిలో చీటీలు వేసి ఏటికి 1,000 మందికి అవకాశ మిత్తురు.

మన చిన్నది పోదలచినది ఆ దేశమునకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమునకు. అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులు. మనము చలికి దుప్పట్లు తీయు డిసెంబరులో వారికి వేసవి. చెర్రీపండ్ల కోత అప్పుడే మొదలగును. ఫిబ్రవరి మొదలు మే వరకు ఆపిలుపండ్ల కోత.

ఈ పని మనము తలచినంత మోటుపని కాదు. చెర్రీని తొడిమతో కూడ తీయవలెను. తొడిమ ఊడినచో పండు త్వరగా చెడును. పండిన పండుపై వాన కురిసెనా, నీరు పీల్చుకొని తోలు పగులును. ఆపిలును గుంజరాదు, అరచేత పట్టి పైకి మెల్లగా త్రిప్పిన యెడల తొడిమతో వచ్చును. వ్రేళ్లతో నొక్కినచో మరునాటికి కమిలిన మచ్చ కనబడును. రొమ్మున కట్టుకొన్న సంచి నిండగనే, దాని అడుగు విప్పి పండ్లను పెద్దపెట్టెలోనికి జారవిడువవలెను. ఆ పెట్టె సుమారు 400 కిలోలు పట్టును. ఆవకాయకు కాయ నేరుటలో మనకున్న శ్రద్ధయే అచ్చట దినమెల్ల నుండవలెను. డిగ్రీ చదివిన చేతులకు ఇది అవమానమని మాకు తోచలేదు.

ఒక కోత ముగిసి వేరొక కోత మొదలగులోపల కొన్ని దినములు ఖాళీ వచ్చును. అప్పుడు నడక. క్రేడిల్ పర్వతమునుండి సెయింట్ క్లేర్ సరస్సు వరకు ‘ఓవర్‌లాండ్ ట్రాక్’ అను 65 కిలోమీటర్ల కాలిబాట కలదు. సామాన్యముగా ఆరు దినముల నడక. అక్టోబరు మొదలు మే వరకు ముందుగా రుసుము చెల్లించి తేదీ నిశ్చయించుకొనవలెను. దారిలో అంగళ్లు లేవు. ఆరుదినముల తిండియు, పొయ్యియు, పడకయు తన వీపుననే మోయవలెను. వేసవిలో సయితము ఒక్కొక్కప్పుడు మంచు కురియును. దారిపొడవున కుటీరము లున్నను, చోటు దొరకునన్న నిశ్చయము లేనందున గుడారము తప్పదు. అచ్చట ‘కరవాంగ్’ అను నల్లని పక్షులు సంచీల జిప్పులను ముక్కుతో లాగి తిండి దొంగిలించునట! మన వడియములను కాకులనుండి కాచుకొను విద్య అచ్చటను అక్కరకు వచ్చునని నవ్వుకొంటిమి.

ఆ కొండలయందు ఆడవారి అడుగులు క్రొత్తవి కావు. కేట్ వైన్‌డోర్ఫర్ అను గృహిణి మొక్కలయం దాసక్తిగలది. 1910లో భర్తతో కూడ క్రేడిల్ శిఖరము నెక్కినది. 1912లో ఆ దంపతులు కొండ సమీపమున కొయ్యతో ఒక యిల్లు కట్టి, వచ్చినవారికి ఆతిథ్య మిచ్చిరి. దాని పేరునకు ‘అడవియిల్లు’ అని యర్థము.

ఇంతవరకు విని పొరుగింటివారు, “అయితే మీరూ దాని పక్షమేనా?” అనిరి. మేము వెంటనే బదులీయలేదు. మాకు చిన్ననాడు తండ్రిగారు చెప్పిన మనుచరిత్రము జ్ఞప్తికి వచ్చినది.

ప్రవరుడు దూరదేశములు చూడగోరి, సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసుకొని క్షణములో హిమాలయమునకు చేరెను. మంచునకు లేపము కరగిపోయెను. అంతట ఇల్లు చేరు దారి లేదు. చూడగోరుట ఆయన దోషము కాదు. పోవుటకును వచ్చుటకును ఒక్క లేపమునే నమ్ముట దోషము. చదువుకొన్ననాడు మేము ప్రవరుని నిష్ఠనే మెచ్చితిమి. వాకిట ఎదురుచూచిన సోమిదమ్మను ఈనాడు తలంచుచున్నాము.

పండ్లతోటలకు పోవు పిల్లలకును ఇట్టి లేపములు కలవు. మొదటిది యజమాని సంతకము. రెండవయేడు ఉండగోరువారు నిర్ణీత ప్రాంతములలో 88 దినములు పనిచేసినట్లు ఋజువు చూపవలెను. దానికై కొందరు చెడ్డమాటకును తక్కువ కూలికిని ఓర్చుకొని పడియుందురు. పెట్టెల లెక్కన కూలి యిచ్చు చోట కూడ గంటకు కనీసపు కూలి తగ్గరాదని 2022 ఏప్రిలు 28 నుండి అచ్చట నియమము వచ్చినది. కూలిచీటీ అడిగి తీసికొని దాచుకొనవలెను. అన్యాయము జరిగినచో ‘ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్’ అను ప్రభుత్వ కార్యాలయము కలదు.

రెండవది బస. 2000 జూన్ 23న క్వీన్స్‌లాండులోని చిల్డర్సు అను ఊరిలో సత్రము తగులబడి 15 మంది యువజనులు మరణించిరి. కావున మంచము పరచుకొనుటకు ముందే బయటికిపోవు ద్వారములు ఎన్నియో, అవి తెరచుకొనునో లేదో చూడవలెను.

మూడవది అడవి. ఏ దినమున బయలుదేరి ఏ దినమున తిరిగివచ్చునో ఒకరికి చెప్పి, కుటీరములలోని పుస్తకమున పేరు వ్రాయవలెను. సెల్‌ఫోను పలుకని చోట ఆపదను తెలుపు చిన్న యంత్రము వెంట నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యము: తిరుగు ప్రయాణపు సొమ్ము ఎన్నడును ముట్టరాదు, పాస్‌పోర్టు ఎవ్వరిచేతికిని దాచుట కీయరాదు. నచ్చని చోటినుండి ఆ సాయంకాలమే లేచిరాగల పిల్ల ఎంతదూర మేగినను మనకు భయము తక్కువ. లేచిరాలేని పిల్ల పక్కవీధిలో ఉన్నను భయమే. ఇది కొన్ని కాపురములకును వర్తించునని మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ మాటలు విని ఆ చిన్నది, “అత్తయ్యగారూ, టిక్కెట్టు డబ్బు అమ్మ పేరనే బ్యాంకులో వేసి వెళతాను; అడిగిన గంటలో పంపిస్తే చాలు” అనెను. తల్లి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “నా పేరు ఎందుకే? నీ పేరనే ఉంచుకో. నన్నడిగే అవసరం కూడా నీకు ఉండకూడదు” అనిరి. మేము చెప్పదలచిన దానికంటె ఆ తల్లి చెప్పినదే మేలైనదని మాకు తోచినది.

మొన్న వారి యింటికి పోగా, పాస్‌పోర్టు పట్టునట్లుగా నడుమున కట్టుకొను గుడ్డసంచిని పాత పట్టుచీర అంచుతో కుట్టుచుండిరి. దారము ఎక్కించుటకు కన్ను ఆనక మా చేతి కిచ్చిరి. ఎక్కించి యిచ్చితిమి.